నూనె తాగిన పలక

మా ఓనరు ఆంటీ మేడ మీద వేయించిన పలకలు కొయ్యవా కావా అని తేల్చుకోవడానికి నాకు వారం పట్టింది.

అప్పుడు మేము ఎల్బీనగర్‌లో, ఆమె ఇంటి పైన రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. మెట్లెక్కగానే ఖాళీ జాగా, దాని అవతలి చివర మా తలుపు. ఎండకు గచ్చు కాలిపోతోందని ఆంటీ ఆ జాగా అంతా గోధుమరంగు పలకలు పరిపించింది. చూస్తే టేకులా ఉండేవి. గోరుతో గీస్తే మైనంలా తగిలేవి. తడిస్తే మాత్రం రంపపుపొట్టు వాసన. నేను బడికి పోలేదు. ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన మా తాత, తెలియనిదాన్ని ముట్టుకుని చూడమనేవాడు. ఆ అలవాటు ఇచ్చినందుకు ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. చివరికి పలకలు వేసిన వడ్రంగి అన్ననే అడిగాను.

"పొట్టు, ప్లాస్టిక్ కలిపి చేస్తరు చెల్లె. చెదలు పట్టది. గని ఎండకు రంగు వెలుస్తది. రెండేండ్లకోసారి కోటింగ్ వెయ్యాలె."

మా తలుపుకు కొయ్య గడప లేదు. ఈ పలకల్లో ఒకటి సరిగ్గా తలుపుకు ఆనుకుని వచ్చింది. దేవుడే మా వాకిట్లోకి పంపాడనుకుని ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్లు పెట్టాను. మా అమ్మమ్మ ఊళ్ళో కొయ్యగడపకు చేసినట్టు, ముందుగా నువ్వుల నూనె పట్టించాను. కొయ్యకు నూనె మంచిది. ఇది సగమే కొయ్య అని తెలుసు. మిగతా సగం సంగతి ఆలోచించలేదు.

రెండేళ్ళకు పలకలన్నీ బూడిదరంగుకు తిరిగాయి. వానలు వెనకబట్టగానే ఆంటీ కోటింగ్ డబ్బాలు తెప్పించింది. వడ్రంగి అన్నకు చెప్పి, పని దగ్గరుండి చూసుకోమని నాకు అప్పగించి విజయవాడ వెళ్ళింది. వెళ్ళిన మర్నాడే తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి.

వడ్రంగి అన్న చంపాపేట నుంచి నడుచుకుంటూ వచ్చాడు. వచ్చీరాగానే పలకల మీద అక్కడక్కడ నీటిచుక్కలు వేశాడు. చుక్క పరుచుకుంటే పలక రంగును పట్టుకుంటుందట, గుండ్రంగా నిలబడితే పట్టుకోదట. అన్నిచోట్లా పరుచుకుంది. మా తలుపు ముందు మాత్రం నిలబడింది. అతను వంగి వాసన చూశాడు.

"ఇదేంది చెల్లె, దీనిమీద పులిహోర కలిపినవా?"

చేసింది చెప్పాను. తల పట్టుకున్నాడు.

"నూనె తాగింది. ఇప్పుడు మీదికెల్లి కోటింగ్ పూసినమనుకో, ఆమెకేం ఎర్కైతది? వచ్చే వానలకు లేస్తది. అప్పటికి ఎవల తప్పని ఎవలడుగుతరు?"

ఆ రోజుల్లో మా వీధిలో ఆంటీలాంటి కోస్తా ఓనర్లకూ, నల్గొండ నుంచి వచ్చిన మాలాంటి కిరాయివాళ్ళకూ మధ్య చిన్న మాట కూడా పెద్దదయ్యేది. పక్కింట్లో నీళ్ళ మోటారు మీద మొదలైన గొడవ, మీరెక్కడివాళ్ళన్న దాకా పోయి, కిరాయివాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. సమ్మెతో మా ఆయన లారీ కూడా ఆగిపోయింది. ఇల్లు పోతే ఎక్కడికి పోతాం? అయినా దేవుడి పేరు చెప్పి రాసినదాన్ని రంగు కింద దాచడానికి నాకు మనసు రాలేదు. ఆంటీకి ఫోన్ చేశాను.

"ఆంటీ, మీ పలక ఒకటి ఖరాబ్ చేసిన."

అంతా విని, "నేనొచ్చేదాకా దాన్ని ఎవర్నీ ముట్టుకోవద్దను," అని పెట్టేసింది.

మెట్ల కింద పలకలు కోయగా మిగిలిన ముక్క ఒకటి ఉంది. దాన్ని ముట్టుకోవద్దనలేదు కదా. సగానికి పసుపు, సగానికి నూనె పూసి ఎండలో పెట్టాను. పసుపు రెండు ఎండలకు పోయింది. నూనె నల్లగా అలాగే ఉంది. తప్పు పసుపుది కాదని తేలినందుకు ఎంత సంతోషపడ్డానో! దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి కాబట్టి ఇంట్లో ఉన్నదే మందు. నూనె మీద ముగ్గుపిండి పోసి ఒక పూట ఉంచాను. ఊడ్చి, వేడినీళ్ళూ గిన్నెల సబ్బూ వేసి మెత్తటి బ్రష్‌తో చారల వెంబడి తోమాను. ఆరాక చుక్క వేస్తే పరుచుకుంది.

ఆరో రోజు ఆంటీ ఎవరిదో కారులో వచ్చింది. సంచి దించకుండానే పైకెక్కి పలకను చూసింది.

"మా వైపూ గడపకి పసుపు రాస్తారమ్మా. ప్లాస్టిక్కుకి నూనె పట్టించినదాన్ని మాత్రం నిన్నే చూశాను."

"సగం కొయ్యనే కద ఆంటీ."

"నోర్ముయ్."

నవ్వలేదు. నేను ముక్కను చూపించాను. తనే ఒక చుక్క వేసింది, ఇంకో చోట మళ్ళీ వేసింది. "మరి దీన్నీ తోము, చూస్తూ నిలబడ్డావేం?" అంది.

మూడుసార్లు ముగ్గుపిండి పోశాను, మూడుసార్లు తోమాను. మర్నాడు వడ్రంగి అన్న చుక్కలు వేశాడు. పలకంతా పరుచుకుంది కానీ, అరచేయంత మేర నీళ్ళు గుండ్రంగా నిలబడ్డాయి.

"ఇది పట్టదమ్మా," అన్నాడు.

ఆంటీ నన్ను చూసింది, పలకను చూసింది. "ఆ ఒక్కటీ వదిలెయ్. అలాగే ఉండనీ." తర్వాత నావైపు తిరిగింది. "ఇంకోసారి నూనె కనబడిందంటే పలకతోపాటు నిన్నూ పీకించేస్తా."

అంటే ఇప్పటికి ఉండమన్నట్టే. దేవుడికి దండం పెట్టుకున్నాను.

అతను మా తలుపు దగ్గర మొదలుపెట్టి మెట్లవైపు రంగు వేసుకుంటూ పోయాడు. ఆంటీ ఆ పలక మీదే నిలబడి, దారిలో కారును ఎక్కడెక్కడ ఆపారో చెబుతోంది. నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. ఆమె మాట ముగిసేసరికి అతను మెట్ల మీద ఉన్నాడు. మధ్యలో అంతా తడి రంగు.

"రెండు గంటలు ఆడనే ఉండుర్రి అమ్మా."

"ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"మీరు ముచ్చట పెడుతుంటె నడుమ ఎట్ల రావాలె?"

ఆంటీ తడి పలకలకేసి చూసి, మా వంటగదివైపు తొంగిచూసింది.

"ఏం వండావ్?"

"పచ్చి పులుసు, ఆంటీ."

"పచ్చి పులుసా," అంటూ చెప్పులు విడిచింది. వాటిని ఆ పలక మీద పెట్టబోయి ఆగి, చేత్తో పట్టుకుని మొదటిసారి మా ఇంట్లోకి వచ్చింది.