మరమనిషి లోపలి ముఖం

పాత సినిమాలు శుభ్రం చేసే ఆ ల్యాబులో ఆమెను అందరూ దుమ్మక్క అంటారు. ఒక్కొక్క బొమ్మ మీదా పడ్డ దుమ్ము, గీతలు, మరకలు కంప్యూటర్లో తుడవడం ఆమె పని. తెర మీద మరకను ఆమె ఉండనివ్వదు. కడుపులో పగను మాత్రం ఏనాడూ తుడవలేదు.

ఆ పగ ఒక హీరో మీద. ఒకప్పుడు హాళ్లు నింపిన మరమనిషి సినిమాలో, ఇనుప వేషంతో మంటల్లో నడిచింది తానేనని ఆయన ఇప్పటికీ ప్రతి ఇంటర్వ్యూలో చెప్తాడు. నడిచింది దుమ్మక్క వాళ్ల అన్న. వృత్తికి దర్జీ. వేషం లోపలి గుడ్డ కుట్టినవాడికే కొలత సరిపోయిందని అతన్నే అందులోకి దూర్చారు. భుజం కాలింది. ఆ సంగతి చెప్పుకున్నందుకు వీధిలో కోతల రాయుడన్న పేరు మిగిలింది. కట్టుకున్న భార్యే, “మీ అన్నయ్య చంద్రుడికి కూడా గుండీలు కుట్టొచ్చాడమ్మా” అని దుమ్మక్కతో నవ్వేది.

ఆ సినిమాను హెచ్‌డీ డిస్కుగా మళ్లీ తెస్తున్నారు. పని దుమ్మక్క బల్ల మీదికే వచ్చింది. పాత ప్రింటులో మరమనిషి హెల్మెట్ అద్దం వట్టి నల్ల పలక. కొత్తగా స్కాన్ చేసిన నెగటివ్‌లో వెలుగు కాస్త పెంచి చూస్తే లోపల అన్న కనిపించాడు. మీసం, చెమట, నొప్పికి బిగబట్టిన పళ్లు. కానీ సొంతంగా వెలుగు మార్చే హక్కు ఆమెకు లేదు.

పని చూడటానికి హీరో ఇద్దరు విలేకరులను వెంటబెట్టుకొచ్చాడు.

“నా ముఖం చీకట్లో ఉండకూడదమ్మా. ఉన్న చోటల్లా వెలుగు పెంచు.”

“మరమనిషి వేషంలో కూడా మీరే కదండీ?”

“నేను కాక మీ తాతా?”

“అయితే ఆ అద్దంలో కూడా పెంచమంటారా?”

హీరో తటపటాయించాడు. విలేకరులు ఆయన నోటివైపే చూస్తున్నారు. నల్ల అద్దంలో ఏం కనిపిస్తుందిలే అనుకున్నాడు.

“పెంచు. నా కష్టం జనం చూడాలి.”

“చిత్తమండీ” అంది దుమ్మక్క.

డిస్కు విడుదల సభలో ఆమె అన్ననూ వదిననూ చివరి వరుసలో కూర్చోబెట్టింది. పెద్ద తెర మీద మంటల ఘట్టం వచ్చింది. అద్దం వెనక ముఖం స్పష్టంగా వెలిగింది. దుమ్మక్క అక్కడ బొమ్మ ఆపించింది.

“సార్, ఆ మీసం ఎవరిది?” అన్నారెవరో. హీరో ఏ సినిమాలోనూ మీసం పెట్టలేదు.

“అది... మేకప్.”

“హెల్మెట్ లోపల మేకప్ ఎవరికోసం సార్?”

హాలంతా గొల్లున నవ్వింది. వదిన మొగుడి గడ్డం పట్టుకుని తెరవైపు తిప్పింది, మళ్లీ తనవైపు తిప్పుకుంది.

“ఏమయ్యా, నిజమేనా!”

“ఇన్నేళ్లూ అదేగా మొత్తుకుంటున్నా!”

హీరో వేదిక దిగి దుమ్మక్క దగ్గరికొచ్చాడు. “డిస్కులు ఆపించి ఆ ముఖం తీసెయ్” అన్నాడు పళ్లు నూరుతూ.

“తీసేస్తానండీ. అది మీ ముఖం కాదని, ఎవరిదో కూడా మైకులో చెప్పండి. వెంటనే తీసేస్తా.”

“నీకేం కావాలే?”

“మా అన్న భుజం కాలుతుంటే మీరు నీడలో కూల్‌డ్రింక్ తాగారట. ఇప్పుడు కాసేపు మీరూ వేడిలో నిలబడండి.”

విలేకరులు మైకులు పట్టుకుని ఆయన్ను చుట్టుముట్టారు. ఆయన నోరు విప్పేదాకా బొమ్మ కదలనివ్వొద్దని దుమ్మక్క ఆపరేటర్‌కు చెయ్యి చూపించింది.