వచ్చే ఏటి కొలత

మా మేనమామ ప్రభుదాసు నంద్యాలలో ముప్పై ఏళ్లు బట్టలు కుట్టాడు. ఆ ముప్పై ఏళ్లలో ఎవరి ఒంటికీ సరిపోయేటట్టు ఒక్క చొక్కా కుట్టిన పాపాన పోలేదు. పనితనం లేక కాదు. ఆయన కుట్టు చూస్తే కళ్లకద్దుకోవాలనిపించేది, కాజాలు చూస్తే ముద్దొచ్చేవి. అయితే ఇవాళ్టి మన ఒంటిని ఆయన లెక్కలోకి తీసుకునేవాడు కాదు. వచ్చే ఏడాదికి మనం ఎంతవుతామో ఆ కొలతకు కుట్టేవాడు.

అలాగని కొలత తీసుకోవడంలో లోటు చేసేవాడా అంటే, అదీ లేదు. మనిషిని నిటారుగా నిలబెట్టి, మెడలోని టేపు తీసి, భుజం, ఛాతీ, నడుము, పొడవు అన్నీ కొలిచి, నోటు పుస్తకంలో పేరు రాసి, కింద అంకెలు వేసుకునేవాడు. కత్తెర చేతికొచ్చాక మాత్రం ఆ పుస్తకం వైపు కన్నెత్తి చూడడు. మరి కొలిచింది ఎందుకని నేనొకసారి అడిగాను.

"కొలవకుండా కుడితే మనిషికి మర్యాద గాదురా. కొలిచినంతే కుడితే దేవునికి మర్యాద గాదు. పెంచేది ఆయన గదా," అన్నాడు.

పెద్దవాళ్లు పెరగరు కదా అని వాదించినా లాభం లేదు. బియ్యం మిల్లు గుమాస్తా సుబ్బరాయుడు పెళ్లికి కోటు కుట్టించుకుంటే, అందులో పెళ్లికొడుకుతో పాటు తోడిపెళ్లికొడుక్కి కూడా చోటు మిగిలింది. లబోదిబోమంటూ పరుగెత్తుకొచ్చిన సుబ్బరాయుణ్ణి చూసి మామ తొణకలేదు, బెణకలేదు. "రేపట్నుంచి పెండ్లాం చేతి కూడు తింటావు. నిదానంగా నిండుతావులేప్పా," అన్నాడు. సుబ్బరాయుడు మూడేళ్లకు నిండాడు. నిండాక ఆ కోటు వేసుకుని వచ్చి, మామ చేతిలో మిఠాయి పొట్లం పెట్టి పోయాడు. అందుకే నంద్యాలలో జనం ఆయన్ను తిట్టుకుంటూనే ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

ఈ కొలతలకు అసలైన బలిపశువులం మేము. మా నాయన సంజీవయ్య ఆళ్లగడ్డలో బడిపంతులు. ఎండాకాలం సెలవులివ్వడం ఆలస్యం, మా అమ్మ లూదియా మమ్మల్ని ముగ్గురినీ వెంటబెట్టుకుని బస్సెక్కి అన్న ఇంట్లో దిగేది. నేను పెద్దవాణ్ణి, నా తర్వాత చెల్లెలు దెబోరా, చివర తమ్ముడు అబ్రహాము. మామ ఇంటికి ముందు వసారాలో మిషను, వెనక కాపురం.

దిగిన రోజే ఒక తంతు జరిగేది. నిరుటి బట్టలు తొడుక్కుని నేనూ దెబోరా వరుసగా నిలబడాలి. మామ లోపలి మడతల కుట్లు విప్పి, మేము పెరిగినంత మేరకు కిందికి దించేవాడు. మాకు పుట్టినరోజులు గుర్తుండేవి కావు గాని, మడత దించిన రోజు మాత్రం గొప్ప పండగ. మడత దించేంత పెరగకపోతే ఆ తప్పు మాదే. "ఏడాదంతా మీ నాయన కూటికి బదులు పలకా బలపం పెట్టినాడా?" అని అడిగేవాడు.

ఆ బట్టలతోనే మా ఎండాకాలం షికార్లు. సాయంత్రాలు కుందూ నదికి పోయేవాళ్లం. మొదటిసారి నేను మడుగులోకి దూకినప్పుడు నా నిక్కరు నాతో రాలేదు. నేనొక ఒడ్డున తేలాను, అది ఇంకో ఒడ్డున తేలింది. మామిడితోటకు పోతే దెబోరా గౌను ఒడిలో పద్దెనిమిది కాయలు పట్టాయి. ఒక పిల్లకు ఒక ఒడి అని ఒప్పుకున్న తోటమాలి ఆ ఒడి చూసి అక్కడే కూలబడ్డాడు. రైలు చూడడానికి స్టేషనుకు పోతే ఇంకా కష్టం. రైలు గాలికి మా చొక్కాలు బుంగల్లా ఉబ్బేవి. మేమెక్కడ ఎగిరిపోతామోనని మా అత్త లీలావతి ఒక్కో చేత్తో ఒక్కో చొక్కా అంచు పట్టుకుని నిలబడేది. ఇప్పుడు తలుచుకుంటే, ఒంటికి అతుక్కునే బట్టల్లో ఆ సుఖం మళ్లీ నాకు దొరకలేదు.

ఈ షికార్లన్నిటికీ అబ్రహాము మామ భుజమెక్కి వచ్చేవాడు. వాడికి నడక లేదు.

నేను చెప్పేది పంతొమ్మిది వందల యాభై ఆరు నాటి సంగతి. వాడికి మూడేళ్లు నిండాయి. ఏడాది వయసులో వచ్చిన జ్వరం కాళ్లలో సత్తువంతా తీసుకుపోయింది. గోడ పట్టుకుని కాసేపు నిలబడేవాడు, కూలబడేవాడు. కాళ్లకు నూనె రాసి నిలబెట్టడం అలవాటు చేయండి, నడుస్తాడో లేదో ఇప్పుడే చెప్పలేం అన్నాడు డాక్టరు. నిలబెట్టబోతే వాడు ఏడుపు లంకించుకునేవాడు, ఆ ఏడుపు చూడలేక అమ్మ ఎత్తుకునేది. అలా కొన్నాళ్లు గడిచాక వాడి విషయంలో 'వచ్చే ఏడు' అనే మాట ఎత్తడమే మానేసింది. నడవని పిల్లవాడికి నిక్కరు దండగని నా పాత చొక్కా ఒక్కటే తొడిగేది. మామ కుట్టిన చొక్కా కాబట్టి అది మడమల దాకా వచ్చి, నిక్కరు లేని లోటు కనబడనిచ్చేది కాదు.

మేము వచ్చిన రెండో రోజే మామ వాడికి ఖాకీ నిక్కరు కుట్టాడు. రెండు జేబులు, ముందు గుండీలు, కింద లోపలివైపు నాలుగు మడతలు. అమ్మ దాన్ని తిరగేసి మడతలు లెక్కపెట్టింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"నడవని పిల్లోనికి నిక్కరేందన్నా? దానికి నాలుగు మడతలేంది? నన్ను ఎక్కిరిస్తాండావా?"

"ఏటికొక మడత. నాలుగేండ్లకు కుట్టినా."

"వాడు అడుగేస్తే గదా."

"అది నాకు తెలీదు లూదియా. నాకు తెలిసింది ఒకటే కుట్టు. నీ కొడుక్కని ఇంకో కుట్టు యాడ నేర్చుకునేది?"

అమ్మ నిక్కరును మిషను మీద పడేసి లోపలికి పోయింది. రెండు రోజులు అన్నతో మాట్లాడలేదు. మామ ఆ నిక్కరును మిషను పైన మేకుకు తగిలించాడు.

ఆ మర్నాటి నుంచి ఆయనకు మతిమరుపు పట్టుకుంది. పొద్దున్నే అబ్రహామును మిషను పక్కన నిలబెట్టి కొలత తీసుకునేవాడు. గంట తిరక్కుండానే, ఆ కొలత పుస్తకంలో యాడ రాసినానో కనపడలేదు, ఇంకోసారి నిలబడు నాయనా అనేవాడు. టేపంటే అబ్రహాముకు మహా సరదా. కిమ్మనకుండా మిషను పట్టుకుని నిలబడేవాడు. మామ తీరిగ్గా ఒక్కో అంగుళం పైకి లెక్కపెట్టి, మధ్యలో లెక్క తప్పి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. కుందూ ఇసుకలో కొలత, మామిడితోటలో కొలత, స్టేషనులో రైలు రాకముందు ఒక కొలత, పోయాక ఒక కొలత. రైలు చూడవచ్చిన జనం రైలు మానేసి మమ్మల్ని చూసేవాళ్లు. దెబోరా, నేను సిగ్గుతో చచ్చేవాళ్లం. నిక్కరు కుట్టడమే అయిపోయింది, ఇంకా ఈ కొలతలేమిటి? మా అన్నకు పిచ్చి ముదిరిందని అమ్మ అత్తతో అంది. అత్త నవ్వి, చాటలో బియ్యం చెరుగుతూ ఉండిపోయింది.

సెలవులు ఇంకో వారంలో అయిపోతాయనగా, ఒక మధ్యాహ్నం మామ టేపు కొస అబ్రహాము చేతికిచ్చాడు. "గట్టిగా పట్టుకో. వదిలితే కొలత పోతాది," అని చెప్పి, రెండో కొస తాను పట్టుకుని వసారా గడప దాకా వెనక్కి నడిచాడు. టేపు బిగిసింది. మామ ఒక మెట్టు కిందికి దిగాడు. చేతిలోని కొస వదలడం అబ్రహాముకు ఇష్టం లేదు. మిషను వదిలేసి ఒక అడుగు వేశాడు. మామ ఇంకో మెట్టు దిగాడు. వాడు ఇంకో అడుగు వేశాడు. లోపలి గుమ్మంలో నిలబడ్డ అమ్మ నోరు తెరవబోతే అత్త ఆమె చేయి గట్టిగా పట్టుకుంది. అబ్రహాము తూలుతూ తూలుతూ గడప దాకా వచ్చి మామ మీద పడ్డాడు. టేపు మాత్రం వదల్లేదు.

మామ వాణ్ణి చంకనేసుకుని తిన్నగా నోటు పుస్తకం దగ్గరికి పోయాడు. అబ్రహాము, నడక, అరవై అంగుళాలు అని రాసుకున్నాడు. ఆయన జన్మలో ఒక్క అంగుళం కూడా కలపని కొలత అదొక్కటే.

"దినానికి ఇరవైసార్లు కొలిచింది ఇందుకాన్నా?" అంది అమ్మ.

"నిలబడురా అంటే ఏ పిల్లోడైనా ఏడుస్తాడు. బట్టలకు కొలత అంటే నిటారుగా నిలబడతాడు. ఇరవై ఐదేండ్లుగా సూస్తాండా," అన్నాడు మామ.

అమ్మ తన చేత్తోనే మేకుకున్న నిక్కరు తీసి వాడికి తొడిగింది. పైన చంకల దాకా, కింద పిక్కల దాకా వచ్చింది. నడుముకు పురికొస కట్టాం. తిరుగు ప్రయాణంలో బస్సు దగ్గర ఒక పెద్దావిడ, ఇంత నిక్కరేందమ్మా పిల్లోనికి అని నవ్వింది. మేమెవరం నోరు తెరవకముందే అమ్మ జవాబు చెప్పింది.

"వచ్చే ఏటికి సరిపోతాదిలేమ్మా."

ఆ మాట అమ్మ నోట విని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం వరుసలో ముగ్గురం నిలబడ్డాం. అబ్రహాము నిక్కరుకు ఏటికొక మడత దిగింది. అరవయ్యో సంవత్సరం నాలుగో మడత, ఆఖరిది, దించి చూస్తే నిక్కరు మోకాలికి జానెడు పైనే నిలబడిపోయింది. మామ నమ్మలేదు. నిక్కరు విప్పించి టేపు పెట్టి మూడుసార్లు కొలిచాడు. తర్వాత దాన్ని పట్టుకుని ఒక్క ఉదుటున వీధిలోకి పడ్డాడు. ఎదురొచ్చిన ప్రతివాడికీ ఆ నిక్కరు ఎత్తి చూపిస్తూ, "నా కొలత తప్పిందప్పా, పిల్లోనికి కురచైంది," అని చెప్పుకుంటూ సుబ్బరాయుడి మిల్లు వైపు పోతున్నాడు. పెళ్లి పిలుపులకు బయల్దేరిన వాడి ముఖం కూడా అంత వెలిగిపోదు.

మిల్లు దాకా పోనివ్వలేదు అబ్రహాము. ఉత్త చొక్కా మీద, నా నిక్కరు నాకియ్యి మామా అని అరుస్తూ పరుగెత్తి, సందు మలుపులోనే ఆయన్ను పట్టుకున్నాడు.