సెలవు రోజులే రాసిన డైరీ

జూన్ నెల మొదటి సోమవారం, రాజమండ్రి శివార్లలోని ఒక పరిశోధనాలయంలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్‌గా చేరాను. నాకప్పగించిన పని కోతుల రక్తంలో నియంత్రక టి కణాలను కొలవడం. మిగతా రోగనిరోధక కణాలు అదుపు తప్పి సొంత శరీరం మీదే పడకుండా ఆపేవి ఇవి. ఉన్నంతకాలం వీటి పని పైకి కనబడదు, తగ్గాకే తెలుస్తుంది. రక్తం తీసిన వెంటనే రంగు తగిలించిన యాంటీబాడీలు కలిపి, ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో పెట్టేవాళ్లం. కణాలు ఒక్కొక్కటే లేజర్ వెలుగు దాటుతుంటే అది లెక్కపెడుతుంది.

కోతుల్ని చూసుకునేది ఉప్పాడ నుంచి వచ్చిన అటెండర్ సత్తిరాజు గారు. ఆయన కోతుల్ని కూడా అండి అనకుండా పిలిచేవారు కాదు. "తొమ్మిదోవారూ, చెయ్యి ఇలా ఇవ్వండి" అంటే, తొమ్మిదో నంబరు ఆడకోతి బోను సందులోంచి చెయ్యి చాపేది. సూది దిగినంతసేపూ ఆయన ముఖమే చూసేది. తర్వాత నాలుగు వేరుశనగ పలుకులు పెట్టేవారు.

"కోతికి కూడా అండీ ఏంటండీ?" అని ఓసారి నవ్వాను.

"సూది మీరు పొడుస్తారు, మర్యాదన్నా నేను చెయ్యొద్దా అండీ?" అన్నారు.

రెండో ఏడు వానాకాలంలో తొమ్మిదోదాని లెక్కలు మూడుసార్లు పడిపోయాయి. జబ్బేదో ఉందనుకున్నారు మా డైరెక్టర్ గారు. గురువారం మత్తిచ్చి చంపి, ప్లీహం పరీక్షించమని ఉత్తర్వు రాశారు.

రిజిస్టర్లో వేళ, ఉష్ణోగ్రత, సీసా నంబరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మంగళవారం ఇంటికెళ్లి నా డైరీ తిరగేశాను. ఆ మూడు తేదీల్లోనూ "సత్తిరాజు సెలవు" అని ఉంది. సముద్రం ఇంటి గోడ దాకా వచ్చిందని, సామాన్లు తరలించుకోవడానికి ఊరెళ్లేవారాయన. బదులు వచ్చినవాళ్లు బోనుకుండే కదిలే వెనక పలకను ముందుకు జరిపి, కోతిని కదలనీయకుండా నొక్కిపట్టి రక్తం తీయించేవారు. భయపడ్డ జంతువు రక్తంలో తెల్లకణాల లెక్క, వాటిలో భాగమైన టి కణాల లెక్కా నిమిషాల్లో మారిపోతాయి.

ఆ రాత్రే డైరెక్టర్ గారికి ఫోన్లో చెబితే డైరీ రికార్డు కాదన్నారు. కావాలంటే బుధవారం మరో నమూనా తీసి చూపమన్నారు. సత్తిరాజు గారు అప్పుడూ సెలవులోనే ఉన్నారు. ఫోన్ చేస్తే, మోకాళ్ల దాకా తడిసిన పంచెతో తొలి బస్సుకే వచ్చేశారు. ఇల్లేమైందని అడిగాను.

"సముద్రానికేం తొందర లేదండి, నెలకో గోడే తింటంది" అంటూ వెళ్లి బోను ముందు కూర్చున్నారు.

తొమ్మిదోది మొదట మూలకి ఒదిగిపోయింది. ఆయన అరగంట మాట్లాడాక చెయ్యి చాపింది. లెక్క మామూలుకొచ్చింది. ఉత్తర్వు రద్దయింది. ఆ వారమే రిజిస్టర్లో "దగ్గరున్నవారు" అని ఒక గడి చేర్చాను.

సత్తిరాజు గారు పోయి చాలా ఏళ్లయింది. ఆ రిజిస్టర్లు ఆఫీసులోనే ఉండిపోయాయి. "తొమ్మిదోవారూ" అన్న ఆ పిలుపు మళ్లీ వినాలనిపించినప్పుడు పాత డైరీలు తీస్తాను. ఆయన పేరున్న పేజీలన్నీ సెలవు రోజులవే. వచ్చిన రోజుల్లో ఏం మాట్లాడారో, ఏ కోతిని ఏమని పిలిచారో ఒక్క ముక్కా రాసుకోలేదు. లోటు కనిపించిన రోజునే నమోదు చేసేవాడికి, లోటు లేని రోజు ఎలా ఉండేదో చెప్పే ఆధారం మిగలదు.