నేను మిగుల్చుకున్న అరగంట

పొద్దున నాకంటూ ఒక అరగంట కావాలనే ఓట్స్ మొదలుపెట్టాను. ముందురోజే సీసాల్లో పాలు పోసి నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. మా ఆయన సీసాలో అరటిపండు, బెల్లం. నమల్లేని అత్తకు ఖర్జూరం గుజ్జు. నాకు మాత్రం మామిడి ముక్కలు, పైన వేయించిన వేరుశనగ పప్పులు. పొద్దున్నే పొయ్యి వెలిగించే పని తప్పింది. పెళ్లయ్యాక మొదటిసారి గడప మీద కూర్చుని కాఫీ వేడిగా తాగాను.

ఆ సుఖం వారం కూడా సాగలేదు. మగ్గం గుంతలోంచి మా ఆయన కేకేశాడు.

"ఏమే, పొయ్యి పని ల్యాకపాయ కదా. ఊరికే కూర్చోకుండా కండెలన్నా సుట్టు."

మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే ఆ కండెలకు పట్టుదారం చుట్టేది నేనే. పగలంతా రాట్నం ముందు నా పని అదే. అయినా ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న మగాడు నేస్తున్నట్టు, రాట్నం ముందు కూర్చున్న ఆడది ఊరికే కూర్చున్నట్టు!

"వాడు చెప్పిందాంట్లో తప్పేముండాది?" అంది అత్త.

నేను మిగుల్చుకున్న అరగంటను నన్ను అడక్కుండానే పంచేసుకున్నారు.

మర్నాటి నుంచి వాళ్లిద్దరికీ ఓట్స్ బంద్. రాగి సంగటే. అదీ సన్నటి మంట మీద, నిదానంగా.

"ఏమే, ఇంగా కాలేదా?" అని మగ్గం దగ్గర్నుంచి కేక.

"ఇంగా పొయ్యి మీదనే ఉండాది" అన్నాను, వంటింట్లో పీట మీద కూర్చుని, నా సీసాలోంచి మామిడి ముక్క తీసి నోట్లో వేసుకుంటూ.