ముందు రీడింగ్, తర్వాతే స్క్రూ

పైడిరాజు పేరు చెబితే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని పాత తెలుగువాళ్ళకు ఒకటే మాట గుర్తొస్తుంది: "ముందు రీడింగ్, తర్వాతే స్క్రూ." ముప్పై ఆరేళ్ళు ఆయన ప్రెషర్ గేజీలు సరిచూసే పనిలో ఉన్నాడు. గేజీ బల్ల మీదికి రాగానే దాన్ని బాగుచేయడానికి లేదు. వచ్చినప్పుడు అది ఎంత చూపిస్తోందో ముందు పుస్తకంలో రాయాలి, ఆ తర్వాతే స్క్రూ తిప్పాలి. ఒకసారి తిప్పేశాక అది అంతకుముందు ఎంత అబద్ధం చెప్పిందో ఆ దేవుడికి కూడా తెలియదు. కొత్తగా చేరినవాళ్ళు తొందరపడి స్క్రూ పట్టుకుంటే మోచేతి మీద స్టీలు స్కేలుతో ఒక్కటి వేసేవాడు. ఆ దెబ్బ తిన్నవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నారు. అయినా ఆయన ఎదురుపడితే చెయ్యి దానంతటదే మోచేతి మీదికి పోతుంది.

రిటైరయ్యాక అదే ఊళ్ళో తిఫ్రాలో కట్టుకున్న ఇంటి ముందుగదిలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. ఉద్యోగం చివరి పదేళ్ళలో గేజీల బల్ల మీదికి కంప్యూటర్ వచ్చింది, దాన్ని విప్పి బిగించడం అక్కడే నేర్చుకున్నాడు. "రైల్వే మిమ్మల్ని ఒగ్గీసింది గాని మీరు డ్యూటీ ఒగ్గరు" అని భార్య మంగాయమ్మ దెప్పుతుంది. దెప్పుతూనే వేళకు టీ తెచ్చి పెడుతుంది.

బాగైన ప్రతి కంప్యూటర్ మీదా ఆయన ఒక పచ్చ స్టిక్కర్ అంటిస్తాడు. దాని మీద ఫిట్ అన్న మాట, తేదీ, సంతకం. మెమరీ పరీక్ష మొదటినుంచి చివరిదాకా నడిస్తే తప్ప సంతకం పడదు. ఈ పట్టుదలకు కారణం ఉంది. నాలుగేళ్ళ క్రితం శివాజీ అనే ఫొటోగ్రాఫర్ తొందరపెడితే పరీక్షను సగంలో ఆపి స్టిక్కర్ ఇచ్చేశాడు. ఆ వారంలోనే ఒక పెళ్ళి ఫొటోలు సగానికి సగం బూడిదరంగు ముద్దలయ్యాయి. పైడిరాజు ఆ పెళ్ళివారింటికి స్వయంగా వెళ్ళి తప్పు తనదేనని చెప్పాడు. పెళ్ళికూతురు ఒక్కమాట అనలేదు, గ్లాసుడు మంచినీళ్ళిచ్చింది. ఆ నీళ్ళు ఆయనకు ఇప్పటికీ గొంతు దిగలేదు.

మొన్న గురువారం పన్నెండున్నరకు శ్వేత స్కూటీ మీద కాళ్ళ మధ్య కంప్యూటర్ పెట్టుకుని వచ్చింది. పాత క్వార్టర్లలో వీళ్ళ పక్కింటి పిల్ల. లింగియాడీహ్‌లో చిన్న రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతోంది.

"బాబాయ్, వారంనుంచి పరేషాన్ చేస్తోంది. నడుస్తూ నడుస్తూ బంద్ అయిపోతోంది. ఒక రిపోర్ట్ అయితే తెరుచుకోనే లేదు. నాకు ఐదింటికల్లా కావాలి."

"ఏటమ్మా అంత తొందర?"

"భానుప్రియ అని ఏడో నెల ఆమె ఉంది. మంగళవారం ప్లేట్‌లెట్లు బాగా తక్కువ వచ్చాయి. డాక్టరమ్మ ఈ రోజు మళ్ళీ చూసి, పెద్దాసుపత్రికి పంపాలా వద్దా ఐదింటికి చెప్తానంది. మా మెషీన్ లెక్కలన్నీ ఈ కంప్యూటర్‌లోకే వస్తాయి కదా."

పైడిరాజు పెట్టె విప్పి దుమ్ము ఊదాడు. ప్రతి కంప్యూటర్ బోర్డులోనూ పుట్టుకతో వచ్చే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. మీట నొక్కగానే అన్నిటికంటే ముందు నిద్రలేచేది అదే. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. ఈ బోర్డుకు కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందనీ, మెమరీ చిక్కులు తగ్గుతాయనీ కంపెనీవాళ్ళు నెట్‌లో రాసింది ఆయన కంటపడింది. ఇదేదో మన రోగానికి మందులా ఉందే అనుకుని అక్కడికక్కడే ఎక్కించేశాడు. అంతా పావుగంట పని. ఆ తర్వాత మెమరీ పరీక్ష ఉన్న తన పాత పెన్‌డ్రైవ్ పెట్టాడు.

ఈ పరీక్ష చేసేది చాలా మామూలు పని. మెమరీలో ప్రతి గడిలోనూ ఒక అంకె రాస్తుంది, తిరిగి చదువుతుంది. రాసిందే కనిపిస్తే సరి, లేకపోతే మెమరీ అంకెల్ని చెరుపుతోందని ఎర్రగీత పడుతుంది. ఏడో నిమిషందాకా అంకెలు పరుగెత్తాయి. ఏడో నిమిషంలో ఆగిపోయాయి. తెరమీద గడియారం కూడా ఆగింది. ఎర్రగీత లేదు, మాట లేదు, ఏ మీట నొక్కినా చలనం లేదు. ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఏడో నిమిషంలోనే బిగుసుకుపోయింది.

ఇంతకుముందు కూడా ఇలాగే ఆగేదా అనుకుంటూ అలవాటుగా దుకాణంలోని రీడింగ్ పుస్తకం తీశాడు. 'వచ్చినప్పుడు' అన్న గడి ఖాళీగా ఉంది. ఆ గడి మీదే వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

టీ తెచ్చిన మంగాయమ్మ గుమ్మంలోనే ఆగింది. "ఏటండీ, అలాగుండిపోనారు?"

"తప్పు చేసీసినానే. రీడింగ్ తియ్యకుండా స్క్రూ తిప్పీసినాను."

నలభై ఏళ్ళుగా ఆ మాట వింటున్న మనిషి. దాని బరువు ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. టీ బల్ల మీద పెట్టి అక్కడే నిలబడింది.

పాత ఫర్మ్‌వేర్‌కు వెనక్కి పోదామంటే ఆ బోర్డు ఒప్పుకోలేదు. ఇక ఒక్కొక్కటీ తేల్చుకోవడమే. శ్వేత కంప్యూటర్‌లోని రెండు మెమరీ పలకలూ తీసి, తన దగ్గరున్న మంచి పలక పెట్టాడు. ఏడో నిమిషంలో ఆగింది. పెన్‌డ్రైవ్ చెడిందేమోనని దుకాణంలోని పాత కంప్యూటర్‌కు పెట్టి చూశాడు. అందులో పావుగంట దాటినా నిక్షేపంగా నడిచింది. అంటే పెన్‌డ్రైవ్‌లో లోపం లేదు. కొత్త ఫర్మ్‌వేర్‌కూ ఈ పాత పరీక్షకూ పొసగడం లేదన్నమాట. ఇది తేలేసరికి రెండున్నరయింది.

"చూశారా బాబాయ్," అంది దుకాణంలోనే ఉండిపోయిన శ్వేత. "మంచి పలక పెట్టినా ఆగిందంటే తప్పు టెస్ట్‌దే కదా. విండోస్ చక్కగా నడుస్తోంది. బస్, సైన్ కర్ దో నా, సంతకం పెట్టెయ్యండి. అక్కడ ఆమె వచ్చి కూర్చుంటుంది."

ఆ పిల్ల మాటలో వంక పెట్టడానికి లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. పైడిరాజు కళ్ళముందు ఏడో నెల కడుపుతో బెంచీ మీద కూర్చున్న మనిషి మెదిలింది. పచ్చ స్టిక్కర్ తీశాడు. ఫిట్ అని రాశాడు. తేదీ వేశాడు. సంతకంలో మొదటి అక్షరం దగ్గర పెన్ను ఆగింది.

"తల్లీ, పరీక్ష తప్పని తేలింది. మెమరీ మంచిదని తేలలేదు కదా."

"బాబాయ్, ప్లీజ్. టైమ్ లేదు."

"తెలుసమ్మా. అయినా పెట్టను."

శ్వేత ముఖం తిప్పుకుంది. పైడిరాజు పరీక్షలోని మెనూను ఒక్కొక్క వరుసా వేలితో చూసుకుంటూ వెళ్ళాడు. కంప్యూటర్ బుర్రలోని నాలుగు కోర్‌లూ కలిసి ఒకేసారి లెక్కపెట్టేలా ఉంది అమరిక. ఈ నాలుగింటినీ ఒకేసారి పిలిచే దగ్గరే కొత్త ఫర్మ్‌వేర్ తడబడుతోందేమో. మిగతా మూడింటినీ మాన్పించి ఒక్క కోర్ మాత్రమే లెక్కపెట్టేలా మార్చాడు. శ్వేత పలకలు రెండూ తిరిగి పెట్టి మొదలుపెట్టాడు. పని మెల్లగా సాగింది.

ఐదో నిమిషం. ఆరో నిమిషం. ఏడో నిమిషంలో ముగ్గురూ తెరకు దగ్గరగా జరిగారు. ఎనిమిది వచ్చింది. "అమ్మయ్య" అంది మంగాయమ్మ.

ముప్పై ఒకటో నిమిషంలో మొదటి ఎర్రగీత పడింది. తర్వాత మూడు. తర్వాత తెరంతా ఎరుపే.

పైడిరాజు సంతకం మొదటి అక్షరం దగ్గర ఆగిన స్టిక్కర్‌ను నాలుగు ముక్కలు చేశాడు. ఆ సంతకం పూర్తిచేసుంటే ఇంకో గ్లాసు మంచినీళ్ళు తాగవలసి వచ్చేది.

శ్వేత తెరమీది ఎరుపు మీద వేలు పెట్టింది. "ఇది ఎప్పట్నుంచి ఉంది బాబాయ్? మంగళవారం నాటికే ఉందా?"

"తెలీదమ్మా."

"తెలీదంటే? మీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"కొత్త ఫర్మ్‌వేర్ మెమరీ వేగాన్ని మార్చీసుండొచ్చు. ఈ ఎరుపు దానివల్ల వచ్చిందో, ముందునుంచీ ఉందో తేడా చెప్పాలంటే నువ్వు తెచ్చినప్పుడే నాను పరీక్ష పెట్టుండాలి. పెట్టనేదు. ఇంక ఎవులూ చెప్పలేరు."

ఆ పిల్ల తిట్టుంటే బాగుండేది. తిట్టలేదు, స్టూలు మీద కూలబడింది.

పైడిరాజు పలకల్ని ఒక్కొక్కటిగా పెట్టి చూశాడు. ఒకదానికి ఐదు నిమిషాల్లోనే ఎర్రగీతలు వచ్చాయి. దాన్ని తీసి పక్కన పడేసి, రెండోదాన్ని ఒంటరిగా పూర్తి పరీక్షకు పెట్టాడు. అది నడుస్తున్నంతసేపూ శ్వేత ఫోన్ చేస్తూనే ఉంది. వారం రోజుల్లో ఈ కంప్యూటర్ నుంచి రిపోర్ట్ వెళ్ళినవాళ్ళు నలభై ఒక్కమంది.

"జీ, రేపు పొద్దున ఖాళీ కడుపుతో ఇంకోసారి రావాలి. కాదండీ, మీకేం కాలేదు. మా దగ్గరే గడ్‌బడ్ అయింది."

కొందరు విసుక్కున్నారు. ఒకాయన అరిచిన అరుపు ఫోన్ బయటికి వినిపించింది. పైడిరాజు చెయ్యి చాపి ఆ ఫోన్ తీసుకున్నాడు. "నాను పైడిరాజును. ఆ కంప్యూటర్ చూసింది నానే. తిట్టాలంటే నన్ను తిట్టండి" అన్నాడు హిందీలో, చివరిదాకా నిలబడి విన్నాడు.

నాలుగూ ఇరవైకి పరీక్ష ముగిసింది. ఒక్క ఎర్రగీత లేదు. కొత్త స్టిక్కర్ మీద నిండు సంతకం పడింది. స్కూటీ వీధి మలుపు తిరిగేదాకా పైడిరాజు గుమ్మంలోనే ఉన్నాడు.

ఐదూ పదికి శ్వేత ఫోన్ చేసింది.

"బాబాయ్, భానుప్రియకు ప్లేట్‌లెట్లు రెండు లక్షల పదివేలు. రెండుసార్లు చూశాను. ఇంకో ల్యాబ్‌కీ పంపితే అక్కడా అంతే వచ్చింది. డాక్టరమ్మ పెద్దాసుపత్రి అక్కర్లేదంది."

"మంగళవారం ఎంతమ్మా?"

"ముప్పై రెండు వేలు." ఆ వెంటనే అడిగింది. "ఆ రోజు నేను రక్తం తియ్యడంలో తప్పు చేశానా బాబాయ్, లేక ఈ మెమరీయేనా? ఒక్కమాట చెప్పండి. నిద్ర పట్టదు నాకు."

మెమరీయేనని అనేస్తే ఆ పిల్ల హాయిగా నిద్రపోతుంది. ఆయన నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"చెప్పలేనమ్మా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక పుస్తకం తెరిచాడు. 'వచ్చినప్పుడు' అన్న గడిలో 'చూడలేదు' అని రాసి, పక్కన తన సంతకం పెట్టాడు. రైల్వేలోనూ దుకాణంలోనూ కలిపి ఇన్నేళ్ళలో ఆ గడిలో ఆ మాట రాయడం అదే మొదలు. మంగాయమ్మ చల్లారిన టీ తీసుకుపోవడానికి వచ్చి, ఆయన ఎడంచేతి మోచేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చోవడం చూసింది.