వీపు మీద ఎర్ర బాణం

చొక్కాల ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ చెకింగమ్మే. కుట్టిన ప్రతి చొక్కానీ తిరగేసి, దీపం కింద పరిచి, కుట్టు ఎక్కడ తప్పితే అక్కడికి చూపిస్తూ బాణం గుర్తున్న ఎర్ర స్టిక్కర్ అంటించడం ఆవిడ పని. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే పని. ఆవిడ కళ్ళుగప్పి ఒక్క దారప్పోగు బయటికి పోలేదు, అది ఒప్పుకోవాల్సిందే.

గొడవల్లా ఆ కళ్ళు సాయంత్రం ఇంటికి కూడా వెంట రావడం. మొగుడు గ్లాసు పెట్టిన చోటు తప్పు, కూతురి నడక తప్పు, నవ్వు తప్పు. ఆ మహానుభావుడు నోరు మెదపకుండానే పోయాడు. కూతురు కుట్టుపని నేర్చుకుని, వేరే వీధిలో కొట్టు పెట్టుకుని, రెండేళ్ళుగా తల్లి గడప తొక్కలేదు.

రిటైరయిన రోజు ఫ్యాక్టరీలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఏడుపు ఆపుకుంటున్నారనుకుని ఆవిడ మురిసిపోయింది. ఒంటి మీదున్న ఫ్యాక్టరీ నీలం కోటుతోనే తిన్నగా కూతురి కొట్టుకి బయల్దేరింది. ఇక ఒంటరిగా ఉండలేను, నీ దగ్గరే ఉంటానని అడగాలి. ఒక్క వంక కూడా పెట్టకూడదని దారిపొడుగునా తనకి తానే చెప్పుకుంది, పాపం.

కూతురు కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. తల్లి అడిగింది విని, వెనక గదిలో మంచం పడుతుందిలే అంది కూడా. గది చూద్దామని తల్లి అటు తిరిగింది. కూతురు ఆగమని, కోటు మీంచి ఏదో ఊడదీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఎర్ర స్టిక్కర్.

"ఎవరో నీ వీపుకి అంటించారమ్మా. బాణం నీ తల వైపుకుంది."

చెప్పి, తల్లి ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఆ క్షణంలో ఆవిడ ఏమన్నా సరిపోయేది. ఏమీ అనకుండా తలొంచుకున్నా సరిపోయేది.

చెకింగమ్మ స్టిక్కర్‌ని వెలుతురులో పెట్టి చూసింది.

"బాణం పైకి పెట్టి ఎవరైనా అంటిస్తారా? బాణం కుట్టు వైపుకుండాలి. ఇన్నేళ్ళు నేర్పినా ఒక్కదానికీ పని రాలేదు."

కూతురు వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

"గది చిన్నదమ్మా. నీకు కుదరదులే," అంది తల ఎత్తకుండా.

మర్నాడు పొద్దున్నే చెకింగమ్మ కిటికీ దగ్గర ఆ కోటు తిరగేసి పరిచింది. కాలర్ నుంచి కింది అంచు దాకా వేలితో తడిమి తడిమి వెతికింది. కుట్టు ఎక్కడా తప్పలేదు. ఉత్తపుణ్యానికి అంటించారనుకుని, మడిచి లోపల పెట్టేసింది.