కోటు తొడుక్కున్న పిశాచి

బావ పోయాడన్న కబురు జగ్గయ్యపేటకు మొదటి బస్సు కండక్టరు తెచ్చాడు. "నందిగామ పెయింటరు గారు తెల్లారగట్ల పోయారండి. మీ అక్కగారు చెప్పమన్నారు" అని, టికెట్ల పుస్తకం చంకలో పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. పోయినాయన కోసం బస్సు ఒక నిమిషం ఆగిందన్నమాట. అంతకు మించిన లాంఛనం బావ ఏనాడూ ఆశించలేదు.

మా అక్క మొగుడు టూరింగ్ టాకీసుకు బోర్డులు రాసేవాడు. ఆ టాకీసుకే నేను జట్కాలో కూర్చుని గొట్టంలో ఊరూరా కేకలేసేవాణ్ణి. "నీ అబద్ధం చిల్లకల్లు దాటేలోపు గాలికి పోతుందిరా బామ్మర్దీ. నాది వానకు తడిసినా వారం ఉంటుంది" అనేవాడు.

బావ మొదట నాటకాల తెరలు రాసినవాడు. ఆ తెరల మీద పిశాచి అంటే జుట్టు విరబోసుకుని, బెత్తెడు నాలుకతో, గుమ్మంలోంచే గుర్తుపట్టేలా ఉండేది. తర్వాత అద్దె డిటెక్టివ్ నవలల్లో ఆ పిశాచే చింతచెట్టు దిగి బంగళాల్లో కాపురం పెట్టింది. నేను చదువు నేర్చుకున్నది ఆ నవలల్లోనే. అందుకే నాకు రానివి చాలా ఉన్నాయి, భయం మాత్రం బాగా వచ్చు. ఇంగ్లీషు బొమ్మల్లోకి వచ్చేసరికి పిశాచి తల దువ్వుకుని బూట్లు తొడిగింది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

మొదటి ఇంగ్లీషు పిశాచి బొమ్మ వచ్చిన ఏడు డేరాకు జనం పలచబడ్డారు. "ఈ బోర్డుకు డేరా నిండకపోతే వచ్చే బొమ్మ నుంచి బెజవాడ పెయింటరుకిస్తానయ్యా" అన్నాడు ప్రొప్రయిటరు. నాటకాల తెరలు అప్పటికే మూలపడ్డాయి. ఇదీ పోతే బావ గోడలకు సున్నం కొట్టుకోవాల్సిందే.

రీళ్ళ పెట్టెలో రెండే ఫొటోలొచ్చాయి. ఒకదాన్లో నల్లకోటు మనిషి ఒక పిల్ల చెయ్యి పట్టుకుని ఉన్నాడు. రెండోదాన్లో ఒక ముసలాడు పడుకున్నవాడి గుండెల మీద మేకు ఆనించి సుత్తి ఎత్తాడు.

"వీళ్ళలో రక్తపిశాచి ఎవరు బావా?"

"అడగాలట్రా? నిద్రపోయేవాడికి మేకు దిగ్గొట్టేవాడు. ఈ కోటాయన పెళ్ళికొడుకు. తల చూడు, ఎంత శుభ్రంగా దువ్వుకున్నాడో."

ముసలాడికి నాలుగు కోరలూ, బారెడు నాలుకా పెట్టాడు. నేనూ గొట్టంలో అదే కేకేశాను. డేరా నిండింది. లోపల ఇంగ్లీషు ముక్క వచ్చినవాడు ఒక్కడూ లేడు.

తెర మీద పిల్ల మెడ మీద రెండు గాట్లు కనబడ్డాయి. నేల క్లాసులో ఒకామె తేల్చేసింది: "పాము కాటే. రెండు పళ్ళూ దిగాయి." కోటాయన ఆ మెడ మీదకు వంగాడు. "విషం లాగుతున్నాడే తల్లీ, ఎవరు కన్నారో" అంది పక్కామె. మెట్టచేలల్లో పుట్టి పెరిగినవాళ్ళకు నోటి పక్కన రక్తం కారితే మరో అర్థం ఎందుకు తడుతుంది? ఆఖర్న ముసలాడు సుత్తెత్తేసరికి డేరా అంతా ముక్కులు చీదింది. ఒకాయన తువ్వాలు విసిరాడు. తెర దాకా పోక ప్రొప్రయిటరు ఒళ్ళో పడింది.

రీళ్ళతో వచ్చిన బెజవాడ మనిషి ఆట అయ్యాక ఆయనకు అసలు కథ చెప్పాడట. ప్రొప్రయిటరు సరాసరి బావ దగ్గరకొచ్చాడు. "పిశాచిని పెళ్ళికొడుకును చేశావేమయ్యా? ఇంక కుంచె కడిగేసుకో."

బావ నిజంగానే కడిగేశాడు. అక్క ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

మర్నాడు పొద్దు వాలకముందే కీసర వైపు నుంచి బళ్ళు దిగాయి. ముసలమ్మలను పొదివి దించుతూ "పాము విషం లాగే దొర బొమ్మ ఇదేనా అండీ?" అని అడుగుతున్నారు. మూడు రోజులాడాల్సిన బొమ్మ వారం దాటింది. ప్రొప్రయిటరు మళ్ళీ వచ్చి చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"పెయింటరూ, ఆ ముసలాడికి ఇంకో రెండు పళ్ళు పెట్టు."

ఆయన వెళ్ళాక బావ పొట్ట పట్టుకుని నవ్వి, చివరికి ఒక మాటన్నాడు: "కోరల పిశాచి నుంచి పారిపోవచ్చురా. తల దువ్వుకున్నదానికి మనమే కుర్చీ వేస్తాం." అప్పట్నుంచి ఆయన బోర్డుల మీద పిశాచులన్నీ పాపిడి తీసుకునే ఉండేవి.

బావ కర్మ అయిన మర్నాడు ప్రొప్రయిటరు వచ్చాడు. ఇప్పుడాయనకూ చేతికర్ర వచ్చింది. "అమ్మా, మళ్ళీ పిశాచి బొమ్మొచ్చింది. బెజవాడ పెయింటరు రాసిన దాని ముందు ఒక్కడూ ఆగటంలేదు. పెయింటరు గారిది ఏదైనా ఉంటే..."

"ఉంది. ఆయన ఆఖర్న రాసిందే. కాయలు ఎండనీండి" అంది అక్క.

పెరట్లో బోర్డు వెల్లకిలా పరిచి ఉంది. దాని నిండా ఎర్రటి మిరపకాయలు. మధ్యలో ఒక మొహం మేర మాత్రం అక్క ఖాళీ వదిలింది. పాపిడి తీసుకున్న ఆ పెద్దమనిషి కాయల్లోంచి తలెత్తి నవ్వుతున్నాడు. ప్రొప్రయిటరు పెరటి అరుగు మీద కూర్చుని, తుమ్ముకుంటూ, ఎండ ఎప్పుడు ముదురుతుందా అని చూస్తున్నాడు.